తలకట్లు లేని పేజీ

మా బడిలో పిల్లలు నాకు పెట్టిన పేరు ‘బాగుంది టీచర్’. ఆ సంగతి నాకు తెలియదనుకుంటారు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా పేజీ అడుగున ఎర్ర సిరాతో నేను రాసే ముక్క అదొక్కటే కాబట్టి పేరు పెట్టినవాళ్ళని తప్పు పట్టడానికి లేదు. బాగుంది, కింద పొట్టి సంతకం, పక్కన తేదీ. తప్పులు దిద్దడం వేరు, అది నేను శ్రద్ధగానే చేస్తాను. వత్తు పోయిన చోట వత్తు, దీర్ఘం పోయిన చోట దీర్ఘం. దిద్దడం అయ్యాక ఏదో ఒకటి రాయాలి కనుక బాగుంది అని రాస్తాను. బాగోకపోయినా అదే రాస్తాను. బాగోలేదని రాస్తే ఎందుకు బాగోలేదో కూడా రాయాలి, దానికి ఓపిక కావాలి.

ఓపిక సంగతి ముందే చెప్పేసుకుంటే మంచిది. నా రిటైర్మెంటుకి ఇంకా రెండేళ్ళుంది. నా మోకాళ్ళు మాత్రం ముందే రిటైరైపోయాయి. ఆరో తరగతి బి సెక్షను మేడ మీద. ముప్ఫై నాలుగు మెట్లు, మధ్యలో ఒక మలుపు. ఆ మలుపు దగ్గర ఆగి, కిటికీలోంచి ఏదో ముఖ్యమైనది చూస్తున్నట్టు నటిస్తాను. అక్కణ్ణుంచి కనిపించేది ఎదురింటి డాబా మీద ఆరేసిన దుప్పట్లు. రోజుకి మూడుసార్లు ఆ దుప్పట్లని అంత శ్రద్ధగా చూసే మనిషి ఇంకొకరుండరు.

ఇలాంటి నా నెత్తిన ‘ఇంటికో పేజీ’ పడింది. పైనుంచి ఉత్తర్వు. ప్రతి పిల్ల ఇంట్లోనూ పెద్దవాళ్ళలో ఎవరో ఒకరు నెలకొక పేజీ రాయాలి. ఏదైనా రాయొచ్చు. పిల్లలు దాన్ని బడికి తెస్తే టీచరు చూసి తిరిగి ఇవ్వాలి. సంవత్సరం చివర మంచివి నలభై ఏరి పుస్తకం వేసి చుట్టుపక్కల వీధులన్నిటికీ పంచాలి. చదవడం, రాయడం బడి గేటు దాటి ఇళ్ళలోకి వెళ్ళాలని వాళ్ళ ఉద్దేశం. మంచి ఉద్దేశమే, నేను వెటకారంగా అనడం లేదు. కాకపోతే ఆ ఆలోచన వచ్చిన మనిషికి ముందురోజు రాత్రి కంటినిండా నిద్ర పట్టి ఉంటుంది.

హెడ్మాస్టరుగారు ఉత్తర్వు చదివి స్టాఫ్‌రూమంతా ఒకసారి కలియజూశారు. అందరికీ ఒక్కసారిగా పనులు గుర్తొచ్చాయి. లెక్కల టీచరు సుద్దముక్కలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. డ్రిల్లు మాస్టారు విజిల్ ఊదుకుంటూ బయటికి నడిచాడు. చివరికి చూపు నా మీద ఆగింది. భాష మీదే కదండీ అన్నారు. భాష నాదయినట్టు, ఇంతకాలం నేనేదో దాన్ని ఇంట్లో దాచుకున్నట్టు.

మొదటి నెల నలభై మూడు పేజీలు వచ్చాయి. అందులో సగానికి పైగా పిల్లలే పెద్దవాళ్ళ దస్తూరిలా వంకరగా రాసుకొచ్చినవి. ఒక తండ్రి మందుసీసా మీది సూచనలు ఎక్కించి పంపాడు, చిన్నపిల్లలకు అందకుండా ఉంచవలెను అనేదాకా. ఒక తాతగారు పేజీ అటూ ఇటూ నింపి, చాలక మార్జిన్లో కూడా పక్కింటివాళ్ళ మీద ఫిర్యాదు రాశాడు. దాని కింద కూడా నేను బాగుంది అని రాశానట. పక్కింటివాళ్ళు బడికొచ్చి అడిగితే తెలిసింది.

ఆ నలభై మూడింట్లో ఒకటి గుండీలమ్మది. అసలు పేరు హాజరుపట్టీలో ఉంది కానీ అందరూ అనేది గుండీలమ్మనే. బజారు అవతల చొక్కాలు కుట్టే కార్ఖానాలో గుండీలు కుడుతుంది. కూతురు నా క్లాసులోనే, మూడో బెంచీలో కిటికీ పక్కన. డ్రిల్లు మాస్టారు దాన్ని చిన్న గుండీ అంటాడు. చిన్న గుండీ ఒకటో తరగతిలో చేరినప్పటికి తల్లికి అక్షరం ముక్క రాదు. పిల్ల బడినుంచి వచ్చి ఆ రోజు నేర్చుకున్నది సాయంత్రం తల్లికి చెప్పేదట. అలా ఇద్దరూ కలిసి ఒక్కొక్క తరగతే పైకొచ్చారు. మా అమ్మ కూడా ఇప్పుడు ఆరు టీచర్ అని ఆ పిల్ల నాతో చెప్పినప్పుడు నాకు నవ్వొచ్చింది, సంతోషం కూడా కలిగింది.

ఆవిడ మొదటి పేజీ గుండీల గురించే. నాలుగు కన్నాల గుండీకీ రెండు కన్నాల గుండీకీ తేడా, దారం ఎన్నిసార్లు తిప్పితే ఊడదో, కాలరు దగ్గర గుండీ కుట్టేటప్పుడు ఎవరి మెడకో కుడుతున్నట్టే ఎందుకుంటుందో. అది నాకు ఇప్పటికీ గుర్తుంది. అది చదివాను కనుక గుర్తుంది. రెండో నెల పైపైన చూశాను. మూడో నెలకి వచ్చేసరికి చూడటం కూడా పోయింది, దిద్దడమే మిగిలింది.

నాలుగో నెల పేజీలు యూనిట్ పరీక్ష రోజు వచ్చాయి. పొద్దున్నుంచీ హాల్లో కాపలా నాదే. ముందు బల్ల మీద నలభై మూడు కాగితాల కట్ట, ఎదురుగా తలొంచుకుని రాస్తున్న పిల్లలు. ఒక కన్ను వాళ్ళ మీద, ఒక కన్ను కట్ట మీద పెట్టి దిద్దుకుంటూ పోయాను. మధ్యలో ఒక పేజీకి తలకట్లే లేవు. ఒక్క అక్షరానికీ లేదు. గుడులున్నాయి, కొమ్ములున్నాయి, దీర్ఘాలున్నాయి, వత్తులు కూడా చాలావరకు సరిగానే ఉన్నాయి. తలకట్టు ఉండాల్సిన చోటల్లా బోడిగా ఉంది. ఎవరిదా అని చూస్తే గుండీలమ్మది. మూడు నెలలు చక్కగా రాసిన మనిషికి ఇదేం బద్ధకం అనుకున్నాను. ఒళ్ళు మండింది కూడా. ఎర్రపెన్ను తీసుకుని మొదటి వరసనుంచి చివరి వరసదాకా ఒక్కొక్క అక్షరానికీ తలకట్టు పెట్టుకుంటూ వచ్చాను. దాచడమెందుకు, ఆ పనిలో ఒక రకం హాయి ఉంది. ఆలోచించక్కర్లేదు, చెయ్యి దానంతట అది పోతుంది. అంతా అయ్యాక కింద రాశాను: తలకట్లు మరవకూడదు. బాగుంది. సంతకం, తేదీ.

ఆ పేజీలో ఏం రాసి ఉందో నాకు తెలియదు.

సోమవారం మూడో బెంచీలో కిటికీ పక్క ఖాళీ. జ్వరమేమో అనుకుని హాజరుపట్టీలో సున్నా చుట్టాను. మంగళవారమూ సున్నాయే. వారం తిరిగింది. రెండో వారం మధ్యలో లీడరు పిల్లని అడిగితే, అది బడి మానేసింది టీచర్, ఇంట్లో ఉంటోంది అని చెప్పింది. వానొచ్చింది టీచర్ అన్నంత మామూలుగా చెప్పింది. మధ్యాహ్నం హెడ్మాస్టరుగారి చెవిలో వేశాను. ఆయన పట్టీ తెప్పించుకుని వేలితో లెక్కపెట్టారు. వరసగా పదిహేను రోజులు రాకపోతే పేరు కొట్టేయాలన్నది రూలు, ఇప్పటికి పదకొండయ్యాయి, ఒకసారి వెళ్ళి మాట్లాడి రండి అన్నారు. పేరు కొట్టేశాక మళ్ళీ చేర్చుకోవాలంటే వచ్చే సంవత్సరమే. అంటే సంవత్సరం పోయినట్టే. సంవత్సరం ఇంట్లో కూర్చున్న ఆడపిల్లలు ఎంతమంది వెనక్కి వచ్చారో నాకు బాగా తెలుసు. నా సర్వీసు మొత్తంలో వాళ్ళని చేతివేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

ఆ సాయంత్రమే కాళ్ళీడ్చుకుంటూ కార్ఖానాకి వెళ్ళాను. అదీ మేడ మీదే. నా ఖర్మకి అన్నీ మేడ మీదే ఉంటాయి. ముందుగదిలో ఆరు మిషన్లు, వెనకగదిలో ట్యూబులైట్ల కింద పొట్టి స్టూళ్ళ మీద నలుగురు ఆడవాళ్ళు. ఒళ్ళో చొక్కా, పక్కన డబ్బా మూతలో గుండీలు, నోట్లో దారపు కొస. ఇస్త్రీ ఆవిరికి గదంతా ఉక్కగా, తడిగుడ్డ వాసనగా ఉంది. నన్ను చూసి గుండీలమ్మ గబుక్కున లేచింది. ఒళ్ళో చొక్కా జారి కింద పడింది.

నేను మొదలుపెట్టాను. మా టీచర్లకి పలకరింపు రాదు, చీవాట్లతోనే మొదలుపెడతాం. వేరే ఎవరైనా చేశారంటే అర్థముంది, నువ్వు కూడానా అన్నాను. అక్షరం కోసం ఎంత కష్టపడ్డావో మర్చిపోయావా అన్నాను. కూతురు నీకు చదువు చెప్తే, నువ్వు దాని చదువు మానిపిస్తావా అని కూడా అన్నాను. ఆ మాట నాకే బాగా కుదిరినట్టనిపించి ఇంకోసారి అన్నాను. మిగిలిన ముగ్గురూ తలలు వంచుకుని కుడుతున్నట్టు నటిస్తూ వింటున్నారు.

ఆవిడ నేను ఊపిరి తీసుకునేదాకా ఆగి, గోడకి తగిలించిన సంచీలోంచి ప్లాస్టిక్ కవరు తీసింది. అందులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి నా చేతికిచ్చింది.

“మీరు బాగుందన్నారు కదండీ” అంది.

నాకు అర్థం కాలేదు. మడత విప్పాను. నా ఎర్ర తలకట్లు వరసగా, చీమలు బారు కట్టినట్టున్నాయి. చివరి రెండు వరసలూ చూశాను. ఇది తప్పా టీచరుగారూ అని ఉంది. దాని కిందనే బాగుంది అని నా దస్తూరి, నా సంతకం.

“పిల్లని మానిపించనా అని మిమ్మల్ని అడిగానండీ అందులో” అంది ఆవిడ, నాకు సాయం చేస్తున్నట్టు.

ముందుగా నోటికొచ్చిన మాట అబద్ధం. అది దస్తూరి గురించి రాశాను, దస్తూరి బాగుందని, అన్నాను. ఆవిడ తలూపింది. మరి అడిగినదానికో అండీ అంది. కోపంగా కాదు, నిజంగానే తెలుసుకుందామని. ఆ అడగడంలో ఉన్న మర్యాదకి నాకు తల తీసేసినట్టయింది.

అప్పుడు తలకట్ల సంగతి చెప్పింది. చొక్కా అంతా అయ్యాకే గుండీ కుడతారు. ఆవిడ కూడా పేజీ అంతా రాసి, ఇక ఇది ఇంతే, ఇందులో మార్చేదేమీ లేదు అనుకున్నాకే మొదటినుంచి తలకట్లు పెట్టుకుంటూ వస్తుందట. ఈసారి పెట్టలేదు. ఏం చెయ్యాలో తేలలేదు కనుక పేజీ అవలేదు. టీచరుగారు ఏమంటారో చూసి పెట్టుకుందాం అనుకుని అలాగే పంపించింది.

“మీరే పెట్టేసి పంపారు. ఇక తేలిపోయిందనుకున్నాను” అంది.

ముందుగదిలో మిషను ఒకటి ఆగింది. నేను ఆ కాగితం వంకే చూస్తూ, నేను చదవలేదమ్మా అన్నాను. తలకట్లు పెట్టాను కానీ చదవలేదు. ముప్ఫై ఒక్క ఏళ్ళ సర్వీసులో నేనెవరికీ చెప్పని మాట అది. వెనకగదిలో నలుగురి ముందు, నోట్లో దారాలు పెట్టుకున్న ఆడవాళ్ళ ముందు చెప్పాను. నాకు సిగ్గేసింది.

ఆవిడ కింద పడ్డ చొక్కా తీసి దులిపింది. తర్వాత అంది, “ఆ మాట మా అత్తతో చెప్పాలండీ మీరు.” విషయమేమిటంటే, పిల్లని మానిపించడానికి అత్తగారు ససేమిరా అందట. రెండు రోజులు అన్నం దగ్గర మాట్లాడలేదట. టీచరుగారే బాగుందని రాసిచ్చారు చూడు అని కాగితం చూపిస్తే, చదువుకున్నావిడ చెప్పాక ఇక నేననేదేముంది అని ఊరుకుందట. అత్తగారికి చదవడం రాదు. ఎర్ర సిరా మాత్రం కనిపించింది.

పని వదిలేదాకా ఆ కాగితం పట్టుకుని స్టూలు మీద కూర్చున్నాను, ఆవిడ ఎదురుగా చదవడానికి మొహం చెల్లలేదు. ఐదున్నరకి ఇద్దరం బయల్దేరాం. కార్ఖానానుంచి ఇల్లు దూరమే, ఇరవై నిమిషాలు పట్టింది. తీరా చూస్తే ఆ ఇల్లు మా బడి వెనక సందులో ఉంది. దారిలో నా నడక చూసి ఆవిడే అడుగు తగ్గించింది.

ఒక గది, దాని పక్కన సగం గది. గదిలో కిటికీ వారగా మంచం. మంచం మీద అత్తగారు, తల కింద రెండు దిళ్ళు. బక్కపల్చటి మనిషి, పెదవులు ఎండిపోయి పొలుసులు లేచి ఉన్నాయి. చిన్న గుండీ బట్టలు మడతపెడుతోంది. నన్ను చూసి చేతులు కట్టుకుని నిలబడి, గుడీవినింగ్ టీచర్ అని క్లాసులో సాగదీసినట్టే సాగదీసింది. లారీ మీద తిరిగే తండ్రి ఆ వారం ఇంట్లో లేడు. పెద్దావిడ కూర్చోమని కుర్చీ చూపించి, నా కాళ్ళ వంక చూసి, మీకూ నొప్పులేనా అంది.

నేను చెప్పవలసింది చెప్పాను. రెండోసారి చెప్పేటప్పుడు సులువవుతుందనుకున్నాను, అవలేదు. పెద్దావిడ నుదురు ముడిచి వింది.

“అంటే చదవకుండానే సంతకం పెట్టారా?”

“అవునండీ.”

“మా కోడలు రెండు ఆదివారాలు కూర్చుని రాసింది దాన్ని. కొట్టేస్తుంది, మళ్ళీ రాస్తుంది. ఏం రాస్తున్నావే అంటే టీచరుకి అంటుంది. నాకూ చెప్పలేదు.” నా చేతిలో కాగితం వంక చూసి, “అయితే ఇప్పుడు చదవండి” అంది. “గట్టిగా చదవండి, నేనూ వింటాను.”

వద్దత్తా అంది కోడలు. అత్తగారు ఆ మాట విననట్టే నా వంక చూస్తోంది. నేను కోడలి వంక చూశాను. ఆవిడ మొహం తిప్పుకుని పొయ్యి దగ్గరికి వెళ్ళి, గిన్నె మీద మూత తీసి మళ్ళీ పెట్టింది. రెండోసారి వద్దనలేదు. నేను కళ్ళజోడు పెట్టుకుని చదివాను.

“టీచరుగారికి. ఈ నెల గుండీల గురించి రాయట్లేదు. మా అత్త బాత్రూములో పడి తుంటి విరిగింది. ఆపరేషను చేశారు. పట్టుకుని లేపితే నాలుగడుగులు వేస్తుంది. ఒక్కతే లేవకూడదన్నారు. నేను పొద్దున ఎనిమిదికి పోతే చీకటి పడే ముందు వస్తాను. పోయేటప్పుడు మంచం పక్కన సీసాతో నీళ్ళు పెడతాను. వచ్చేసరికి సీసా ఖాళీగా ఉంటుంది. తాగుతోంది కదా అనుకున్నాను. ఒకరోజు తొందరగా వస్తే కిటికీ కింద బయట గోడ తడిగా ఉంది. పారబోస్తోంది. లేపేవాళ్ళు ఉండరని తాగట్లేదు. పక్క తడిస్తే వచ్చాక నాకు చాకిరీ అని. నేను అడగలేదు. అడిగితే సిగ్గుపడుతుంది. నా పిల్ల పుట్టినప్పుడు నెలరోజులు నా బట్టలు ఆవిడే ఉతికింది. నేను సిగ్గుపడితే తిట్టింది. అందుకని పిల్లని కొన్నాళ్ళు బడి మానిపిద్దామనుకుంటున్నాను. దానికి బడంటే ఇష్టం. చెప్తే ఏడవదు. ఏడిస్తే మానిపించలేను. ఇది తప్పా టీచరుగారూ. వేరే దారి ఏదైనా ఉంటే రాయండి.”

రెండుచోట్ల చదవడం ఆపాల్సొచ్చింది. మొదటిచోట దగ్గినట్టు నటించాను. రెండోచోట నటించడం చాతకాలేదు.

పెద్దావిడ కిటికీ వంక చూస్తోంది. కింద ఎర్రగా ఉన్నది కూడా చదవండి అంది. బాగుంది అని ఉందండీ అన్నాను. పొయ్యి దగ్గర కోడలు వీపు కనిపిస్తోంది, భుజాలు కదలకుండా బిగపట్టుకుని నిలబడింది.

“గోడ చూశావా?” అంది అత్తగారు.

“చూశానత్తా.”

“చెప్పలేదేం?”

“ఎలా చెప్పను?”

పెద్దావిడ చెయ్యి చాపింది. మనవరాలు అర్థం చేసుకుని గ్లాసుతో నీళ్ళిచ్చింది. తల ఎత్తి పట్టుకుంటే గ్లాసు మొత్తం తాగింది, మధ్యలో ఆగకుండా. నీళ్ళు గడ్డం మీదుగా మెడ మీదికి కారాయి. తుడుచుకుని, రేపట్నుంచి తాగుతాను, పిల్లని బడికి పంపు అంది. కోడలు వెనక్కి తిరిగింది. తాగితే మరి ఎవరు లేపుతారత్తా అంది. ముగ్గురూ నా వంక చూశారు. వేరే దారి ఉంటే రాయమని అడిగింది నన్నే మరి.

నిజం చెప్తున్నాను, ఆ జవాబు నాకు రెండు నిమిషాల్లో తట్టింది. తట్టినందుకు గర్వం లేదు, ఏడుపొచ్చింది. ఇల్లు బడి వెనక సందులోనే ఉంది. గేటునుంచి నాలుగు నిమిషాల నడక. పదీ ముప్పావుకి చిన్న గంట, పన్నెండున్నరకి భోజనాల గంట. ఆ రెండుసార్లూ పిల్ల ఇంటికొచ్చి నాయనమ్మని లేపి, నీళ్ళిచ్చి, మళ్ళీ పడుకోబెట్టి వెళ్ళొచ్చు. అడ్డమల్లా బడి గేటు. తొమ్మిదికి తాళం వేస్తే మూడున్నరదాకా తియ్యరు. టీచరు రాసిచ్చిన చీటీ ఉంటేనే వాచ్‌మన్ పిల్లల్ని వదులుతాడు. ఆ చీటీ రాసే అధికారం క్లాసుటీచరుది. అంటే నాదే.

సంచీలోంచి కాగితం తీసి అక్కడే రాశాను. ఈ పిల్లని రోజూ రెండుసార్లు ఇంటికి పంపవలెను, బాధ్యత నాది అని. గుండీలమ్మ అందుకుని వేలు పెట్టి ఒక్కొక్క మాటే చదివింది. బాధ్యత అన్న చోట వేలు ఆగింది, పెదవులు కదిపి మళ్ళీ చదివింది. దీనికేనా అన్నట్టు నా వంక చూసింది. అనలేదు, చూసింది. దీనికే. పరీక్ష హాల్లో కూర్చుని ఆ పేజీ చదివి ఉంటే ఈ రెండు వరసలూ ఆ రోజే రాసేదాన్ని. పిల్లకి పదకొండు రోజులు పోయాయి. పెద్దావిడ ఎన్ని సీసాలు పారబోసిందో నాకు తెలియదు.

పన్నెండో రోజున చిన్న గుండీ బడికొచ్చింది. అందరి కష్టాలూ తీరిపోయాయని చెప్పను. వాచ్‌మన్ కాగితాన్ని నమ్మడు, మనిషిని నమ్ముతాడు. అందుకని రోజూ రెండుసార్లు నేనే ముప్ఫై నాలుగు మెట్లూ దిగి గేటు దాకా వెళ్ళి నిలబడాలి. ఆ పిల్లకి ఆటల్లేవు. భోజనం పరుగుల మీద. మధ్యాహ్నం మొదటి పీరియడ్‌కి రోజూ ఐదు నిమిషాలు ఆలస్యంగా, ఒగరుస్తూ వస్తుంది. పదకొండేళ్ళ పిల్ల చెయ్యాల్సిన పని కాదది. ఇంతకన్నా మంచి దారి నాకు తట్టలేదు, తట్టినవాళ్ళు ఎవరూ మాకు చెప్పలేదు.

నేను మారిపోయానని కూడా అనుకోవద్దు. నలభై మూడు పేజీలు చదవడమంటే తల ప్రాణం తోకకొస్తుంది. ముందు చదువుతున్నాను, తర్వాత దిద్దుతున్నాను, అంతే తేడా. బాగుంది అని రాయబోయి ఆగినప్పుడల్లా ఇంకేం రాయాలో తోచక ఎర్రపెన్ను పట్టుకుని కూర్చుంటున్నాను. పక్కింటి మీద ఫిర్యాదు రాసే తాతగారి మాటలు పూర్తిగా చదివితే తెలిసింది, వాళ్ళ కుక్క చచ్చిపోయినప్పట్నుంచీ ఆయనకి నిద్ర పట్టడం లేదట, ఆ మొరుగు అలవాటైపోయి.

సంవత్సరం చివర పుస్తకానికి ముప్ఫై తొమ్మిది పేజీలు తయారయ్యాయి. ఒకటి తక్కువ. గుండీలమ్మ సంగతి హెడ్మాస్టరుగారికి ఎలాగో తెలిసింది. ఆ పేజీయే వెయ్యాలండీ, అదుంటే పైవాళ్ళ కళ్ళు చెమరుస్తాయి అన్నారు. నాకూ ఆశ పుట్టింది. కార్ఖానాకి సెలవైన ఒక సాయంత్రం ఆవిడ పిల్ల కోసం గేటు దగ్గరికొస్తే అడిగాను. నా ఎర్ర సిరా ఏదీ లేకుండా శుభ్రంగా తిరిగి రాయిస్తాను, తలకట్లు నువ్వే పెట్టుకో, పేరు వద్దంటే పేరు కూడా వెయ్యం అన్నాను.

ఆవిడ కాదనడానికి మొహమాటపడుతోందని తెలుస్తూనే ఉంది.

“పుస్తకానికి ఇంకోటి రాసిస్తానండీ, గుండీలు దూరే కాజాల గురించి” అంది. “అది పుస్తకానికి రాసింది కాదు. మీకు రాసింది.”

పిల్ల చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది. నేను గేటు దగ్గర ఇంకాసేపు నిలబడ్డాను. ముప్ఫై ఒక్క ఏళ్ళలో నా చేతుల్లోంచి ఎన్ని వేల పేజీలు పోయాయో లెక్క లేదు. వాటిలో నాకని ఎవరైనా రాసింది ఆ ఒక్కటే. దాన్ని నేను దిద్ది పంపించాను.